నీళ్లలో నిబ్బరం

ఆటిజం పిల్లలకు ఈత వ్యాయామమే కాదు, ప్రాణరక్షణ కూడా. నేర్పే కొలనులే కరువు

ముంబై బాలిక జియా రాయ్ 2024 జులైలో ఇంగ్లిష్ చానల్‌ను ఒంటరిగా ఈదింది. సుమారు 34 కిలోమీటర్లు, 17 గంటల 25 నిమిషాలు. అప్పటికి ఆమె వయసు 16. అంతకుముందు 2022 మార్చిలో తలైమన్నార్ నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని 13 గంటల 10 నిమిషాల్లో దాటింది. నౌకాదళ ఉద్యోగి కూతురైన జియాకు ఆటిజం ఉంది.

రికార్డులు అందరికీ దక్కవు. కానీ ఈత మాత్రం ఈ పిల్లలందరికీ అవసరమే. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నీళ్లంటే ఆకర్షణ. చెప్పాపెట్టకుండా ఇల్లు దాటే అలవాటూ ఎక్కువే. ఈ రెండూ కలిస్తే ముప్పే. అమెరికా మరణాల రికార్డులను పరిశీలించిన కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు 2017లో తేల్చిన లెక్క గుండె ఝల్లుమనిపిస్తుంది: ఆటిజం ఉన్న 15 ఏళ్లలోపు పిల్లలు నీట మునిగి చనిపోయే ప్రమాదం సాధారణ పిల్లలకంటే 160 రెట్లు అధికం. చెరువులు, కాలువలు, కంచెలేని బావులు ఉన్న మన ఊళ్లు ఈ హెచ్చరికను పెడచెవిన పెట్టలేవు.

నీటిలో మరో మేలూ ఉంది. ఒంటి చుట్టూ సమానంగా పడే ఒత్తిడి చాలామంది పిల్లలను కుదుటపరుస్తుంది. తల ముంచితే బయటి రొద తగ్గుతుంది. బంతి ఆటల్లోలా ఎదుటివారి ఎత్తుగడలు పసిగట్టాల్సిన పని లేదు. తైవాన్‌లో 16 మంది బాలురకు 10 వారాలు నీటి వ్యాయామాలు నేర్పగా ఈత నైపుణ్యంతోపాటు నలుగురిలో మెలిగే తీరూ మెరుగైందని 2010లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. అయితే అది చిన్న అధ్యయనం. ఈత ఆటిజానికి మందు కాదు. మూర్ఛ ఉన్న పిల్లలను డాక్టర్ సలహా లేకుండా నీళ్లలోకి దించకూడదు.

నేర్పడానికి ఖరీదైన హంగులు అక్కర్లేదు. రద్దీ లేని వేళ, రోజూ అదే కోచ్, ఒకసారికి ఒకే సూచన, మాటలకు తోడు బొమ్మల కార్డులు. అన్నిటికంటే ముందు కావలసింది ఓపిక. మొదటి కొన్ని వారాలు గట్టు మీద కాళ్లు తడుపుకోవడంతోనే సరిపోవచ్చు. ఈత వచ్చాక కూడా పెద్దల కన్ను పక్కకు మళ్లకూడదు.

1995 నాటి వికలాంగుల చట్టంలో చోటులేని ఆటిజాన్ని 2016 చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది. క్రీడల్లో వికలాంగులకు భాగస్వామ్యం కల్పించే బాధ్యతను ప్రభుత్వాలకు అప్పగించింది. ప్రభుత్వ కొలనుల్లో వారానికి కొన్ని గంటలు ఈ పిల్లలకు కేటాయించి, కోచ్‌లకు శిక్షణ ఇస్తే ఆ మాట కాగితం దాటుతుంది. లేదంటే నీళ్ల వైపు పరుగెత్తే బిడ్డను పట్టుకోవడం తల్లిదండ్రుల ఒంటరి పోరాటంగానే మిగులుతుంది.