మోకాలి గుజ్జునకు కణముల నారు

సేద్యగానికి కాడియెడ్లెట్లో మోకాళ్లును అట్లే. నాట్లనాడు బురదలో వంగియుండుట, కలుపు తీయునపుడు జాములకొలది గొంతుకూర్చుండుట, ధాన్యపు బస్తాను మూపున కెత్తుకొని జారుడుగట్టుపై నడచుట, ఈ పనులన్నింటి బరువును తుదకు మోయునవి మోకాళ్లే. కాలము గడచినకొలది పెక్కురు రైతులు "మోకాలిలో గుజ్జు అరిగినది" అని చెప్పుకొనుచుందురు. పోయిన గుజ్జును జీవకణములతో మరల పెంచు చికిత్సలు నేడు వాడుకలోనికి వచ్చినవి. వానిలో నిజమెంత, అవి యెవరికి పనికివచ్చును, ఎవరికి పనికిరావు అను సంగతిని మన సభ్యులు సొమ్ము చెల్లించుటకు ముందే యెరుంగుట మేలని యీ వ్యాసము వ్రాయబడుచున్నది.

గుజ్జనగా నేమి?

తొడయెముక క్రిందికొనను, దాని నానుకొనియుండు కాలియెముక పైకొనను, మోకాలిచిప్ప లోపలితట్టును నునుపైన తెల్లని పొర యొకటి కప్పియుండును. వైద్యులు దీనిని మృదులాస్థి యందురు. వాడుకలో గుజ్జనబడునది యిదియే. దీని మందము కొలది మిల్లీమీటర్లు మాత్రమే. ఇందు సగమునకు మించిన భాగము నీరే. మిగిలినది కొల్లాజెన్ అను నారపోగుల యల్లికయు, ఆ యల్లికలో నీటిని పట్టియుంచు జిగట పదార్థమును. అడుగు మోపినపుడు తడిబట్టను పిండినట్లు కొంత నీరు వెలికి వచ్చును. అడుగెత్తినపుడు మరల లోనికి పోవును. ఈ రాకపోకలు లోపలి కణములకు ఆహార మందుటకు తోడ్పడుచుండును.

చర్మము తెగినచో రక్తము వచ్చి గడ్డకట్టి, క్రొత్త కణములు చేరి గాయము మానును. మృదులాస్థికి ఆ భాగ్యము లేదు. అందు రక్తనాళములు లేవు, నరములును లేవు. ఉన్న కణములు మిక్కిలి కొద్ది. అవియు తమతమ గూళ్లలో బందీలవలె నుండుటచే కదలివచ్చి గుంటను పూడ్చలేవు. చెడిన మృదులాస్థి మరల బాగుపడదని 1743లో లండను రాయల్ సొసైటీవారికి విలియం హంటర్ అను వైద్యుడు నివేదించెను. ఆ మాట రెండువందల యేండ్లకు పైగా చెల్లుబడి యయ్యెను.

స్వీడను వైద్యుల నారుమడి

ఈ చిక్కును విప్పుటకు స్వీడను దేశమునందలి గోటెబర్గు నగర వైద్యులు కనుగొనిన యుపాయము వరి పండించువారికి వింతగా తోచదు. వెదజల్లిన గింజ నిలువని మడికి వేరొకచోట నారు పోసి, పెంచి, తెచ్చి నాటుదుము గదా! వారును అట్లే చేసిరి. 1987లో తొలిసారిగా ఒక రోగి మోకాలియందు ఈ పని జరిగెను.

మొదట మోకాలియందు చిన్న రంధ్రముచేసి, గొట్టమువంటి దుర్భిణితో లోపల చూచి, బరువు పడని యంచునుండి మృదులాస్థి తునకలను స్వల్పముగా తీయుదురు. ప్రయోగశాలలో ఆ తునకల యల్లికను కరగించి, కణములను విడదీసి, పోషకద్రవములో కొన్ని వారములు పెంచుదురు. అవి యనేక రెట్లు వృద్ధియగును. పిదప రెండవ శస్త్రచికిత్సలో గుంట చుట్టునున్న చెడుభాగమును గట్టి యంచు దొరకువరకు చెక్కివేసి, కాలియెముకపైనుండి తీసిన పలుచని పొరను గుంటపై కుట్టి, దాని క్రిందికి కణములను వదలుదురు. కణములు రోగివే యగుటచే దేహము వానిని పరాయివిగా నెంచి త్రోసివేయదు.

బ్రిట్‌బెర్గ్, లిండాల్, పీటర్సన్ మొదలగువారు 1994లో తమ ఫలితములను ప్రకటించిరి. చికిత్స పొందినవారు 23 మంది. తొడయెముక కొనయందు గుంటలున్న 16 మందిలో 14 మందికి గుణము బాగుగా కనబడెను. మోకాలిచిప్పయందు గుంటలున్న 7 గురిలో ఇద్దరికి మాత్రమే అట్టి గుణము కలిగెను. మేలును చెప్పినట్లే కొఱతను కూడ దాచక చెప్పుట ఆ నివేదికయందలి విశేషము.

అటుపిమ్మట పద్ధతి సులభమైనది. ఇప్పుడు కణములను కొల్లాజెన్ పలకపై నాటి, ఆ పలకను గుంట కొలతకు కత్తిరించి అతికించుచున్నారు. ఎముకకు సన్నని బెజ్జములు వేసి, రక్తమును రప్పించి గుంటను పూడ్పించు పాత పద్ధతి యొకటి కలదు. దానివలన పుట్టునది గట్టి మచ్చవంటి నాసిరకపు గుజ్జు. 3 చదరపు సెంటీమీటర్లును, అంతకు మించియునున్న గుంటలు గల 144 మందియందు ఈ రెండు పద్ధతులను పోల్చి చూడగా, రెండేండ్లు గడచునప్పటికి నొప్పి తగ్గుటయందును పనిచేయు శక్తియందును కణముల పలకయే మిన్నగా తేలెను. 2016లో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖవారు దీనిని అనుమతించిరి.

గుంట వేరు, అరుగుదల వేరు

రైతు సోదరులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన సంగతి యిది. "గుజ్జు అరిగినది" అను ఒక్క మాటచే మనము రెండు వేరు జబ్బులను పిలుచుచున్నాము.

పడుటచేతనో, కాలు మెలిపడుటచేతనో, చుట్టును గుజ్జు బాగుగనే యుండి ఒకచోట మాత్రము గుంట పడుట మొదటిది. ఇది తరచు వయసులో నున్నవారికి కలుగును. కణముల నారు దీనికే. పైన చెప్పిన పరీక్ష కూడ 18 మొదలు 55 ఏండ్లవారియందే జరిగినది. గట్లు తెగిన మడిలో నారు నిలువదు. అట్లే మోకాలి బంధనములు తెగియున్నను, కాలు వంకర యున్నను మొదట వానిని సరిచేయవలెను.

ఏండ్లతరబడి కీలంతయు అరిగి, ఎముకకు ఎముక రాసుకొనుట రెండవది. ఇది చవుడెక్కిన పొలము వంటిది. ఒక మడికి పోసిన నారు పొలమంతటికి చాలదు. నాటినను ఆ నేలలో బ్రతుకదు. ముదిమిలోని మోకాలినొప్పులు చాలవరకు ఈ రెండవ జాతివే.

ఈ రెండవ జబ్బునకే మూలకణములను సూదితో నెక్కించు వాడుక ప్రబలినది. 2023లో ప్రకటింపబడిన యొక పరీక్షలో 475 మంది రోగులకు, కొందఱకు మూలుగనుండియు, కొందఱకు క్రొవ్వునుండియు, కొందఱకు బొడ్డుత్రాడునుండియు తీసిన కణములను, తక్కినవారికి సామాన్యమైన స్టెరాయిడ్ సూదిమందును ఇచ్చి ఏడాది పరిశీలించిరి. ఖరీదైన కణములేవియు ఆ సామాన్యపు మందును మించలేదు. గుజ్జు మరల పెరిగిన జాడయు కానరాలేదు. మన దేశమున 2022లో ఇట్టి మూలకణౌషధ మొకదానికి ప్రభుత్వానుమతి లభించిన మాట నిజమే. కాని ఒకదానికి దొరకిన యనుమతి పేరు చెప్పి వేరొకదానిని అమ్ముట తగదు. అనుమతి లేనిదానిని పరిశోధనగా మాత్రమే చేయవలెననియు, పరిశోధనయందు చేరిన రోగినుండి సొమ్ము తీసికొనరాదనియు గుర్తుంచుకొనుడు.

ఒక యేడాది సేద్యము

గుంట కలవారు సయితము మరియొక లెక్క చూచుకొనవలెను. నాటిన కణములు గట్టిపడుటకు కాలము పట్టును. మొదటి ఆఱు, ఎనిమిది వారములు చంకకఱ్ఱల సాయమున, కాలిపై కొద్దికొద్దిగా బరువు మోపుచు నడువవలెను. ప్రతిదినము వ్యాయామము తప్పరాదు. గొంతుకూర్చుండుట, బస్తాలు మోయుట వంటి పనులకు సుమారు ఒక యేడాది ఆగవలెను. అనగా ఒక సార్వా, ఒక దాళ్వా ఇతరుల చేతులమీదుగా నడువవలెను. ఆ యేర్పాటు లేక చికిత్సకు దిగినవాడు, నాటిన మఱునాడే మడిలో పశువులను తోలినవానితో సమానుడు.

కీలంతయు అరిగినవారు నిరాశ పడనక్కఱలేదు. స్థూలకాయులు ఒక కిలో బరువు తగ్గినచో నడకలో అడుగడుగునకు మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గునని లెక్కించిరి. మంచముపై కూర్చుండి, కాలు చాచి, పది లెక్కించువరకు నిలిపి దించుచుండిన తొడకండరము బలపడి కీలును కాపాడును. కలుపు తీయునపుడు చిన్న పీట వేసికొనుట మేలు. నొప్పి భరింపరానిచో కృత్రిమపు కీలు అమర్చు శస్త్రచికిత్స కలదు. దాని పరికరముల ధరకు 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వము హద్దు విధించెను.

కావున సోదరులారా! సొమ్ము చెల్లించుటకు ముందు వైద్యుని నాలుగు ప్రశ్న లడుగుడు. నా మోకాలియం దున్నది గుంటయా, అరుగుదలయా? స్కాను తీసి చూచితిరా? ఈ మందునకు నా జబ్బు విషయమై ప్రభుత్వానుమతి కలదా? ఎన్ని నెలలు పని మానవలెను? సూటిగా జవాబు దొరకనిచోట సంచి మూతి విప్పకుడు. విత్తనములకును ఎరువులకును సంఘమునుండి తెచ్చిన ఋణమును, గుజ్జు మొలిపింతుమను వట్టి మాటకు ధారపోయకుడు. నేల నెఱిగి నారు పోయుట మనకు తాతలనాటి విద్య. ఆ విద్యనే మోకాలి విషయమునను పాటింతము.