ట్యాగు తెంపని షరారా

మా ఆదివారపు తరగతికి మేడ్చల్ నుండి శామీర్‌పేటకు వచ్చే బాలికలలో ఒకామె డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నది. ఆమె దగ్గర నూరు పేజీల నోటు పుస్తకం ఒకటి ఉన్నది. కొన్నవి, కొనాలనుకొని మానుకున్నవి, సీరియల్‌లో చూసి ఫోనులో వెదికినవి, అన్నింటినీ తేదీలతో సహా అందులో వ్రాసుకుంటుంది. తన పేరు చెప్పకూడదన్న షరతు మీద ఆ పుస్తకాన్ని మాకు చదువనిచ్చింది. ఇక్కడ ప్రస్తావించడానికీ అంగీకరించింది. పాఠక సోదరీమణులకు ఇందులో తమ ఇంటి అమ్మాయి కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

పుస్తకం తెరిచేముందు మేము ఒక చిన్న ఉపన్యాసం మనసులో సిద్ధం చేసుకున్న మాట నిజం. చదువుతూ ఉంటే అది మెల్లగా జారిపోయింది.

2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్, మేడ్చల్ మధ్య ఎంఎంటీఎస్ రైళ్లు ప్రారంభమైన తరువాత ఆమె కళాశాల ప్రయాణం రైలులోకి మారింది. బొల్లారం చేరేలోపు ఎదుటి సీట్లలోని దుపట్టాల మీద ఏడు రకాల లేసులు చూసినట్లు ఒకచోట వ్రాసుకున్నది. కొరియా సీరియళ్ల గురించి మరొకచోట ఇలా ఉన్నది: "అందరూ మోకాళ్లు దాటిన కోట్లు వేసుకుంటారు. నిండుగా ఉన్నాయి కనుక అమ్మీ ఏమీ అనదు. మేడ్చల్‌లో మే నెల ఏమంటుందో!" 2020 లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదీ 'ఎర్తుగ్రుల్' తుర్కీ సీరియల్‌ను ఉర్దూ అనువాదంలో చూశారట. అందులోని కథానాయిక నుదుటిపట్టీ వంటిదాన్ని ఈమె వెదికి తెప్పించుకుంటే, పెళ్లి బ్యాండువారి టోపీ అంచు వంటిది వచ్చింది. తల్లి పెట్టెలో ఒక 'బాహుబలి' చీర ఉన్నది. 2017లో ఆ సినిమా రెండవ భాగం వచ్చినప్పుడు కొన్నది. తల్లి నేటికీ ఆ సినిమా చూడలేదు.

2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్క గాజుల గురించి రెండు పేజీలున్నాయి. లాడ్ బజార్‌లో కళ్లెదుటే లక్కను నిప్పు మీద మెత్తబరచి, వంచి, రాళ్లు అద్దే పనివానిని చూసి వచ్చిన తరువాత, అవే గాజులని ఫోనులో చూసి సగం ధరకు తెప్పించుకున్నవి ప్లాస్టిక్‌గా తేలడం ఆమెకు తగిలిన మొదటి దెబ్బ. ఆ పేజీ అడుగున ఒక ప్రశ్న ఉన్నది. "బుట్టలో వేసుకున్నప్పటి సంతోషం పొట్లం విప్పేసరికి సగమవుతుంది. మిగతా సగం ఎవరు తీసుకుంటున్నారు?"

మా చిన్నతనంలో ఈద్‌కు ఒకే తాను నుండి అక్కచెల్లెళ్లందరికీ బట్ట కత్తిరించేవారు. దర్జీ ఇచ్చిన రోజే సంతోషం, ఆ రోజు కూడా చంద్రరేఖ కనిపించేముందు గాని వచ్చేది కాదు. అంతమాత్రాన ఆ కాలం పవిత్రమనీ, ఈ కాలం కాదనీ మేము అనము. మేమూ పక్కింటివారి జరీ అంచును దొంగచూపులు చూసినవారమే. అల్లాహ్ తన దాసుల కొరకు కలిగించిన అలంకారాన్ని నిషేధించినదెవరని దివ్య ఖుర్‌ఆన్ 'ఆరాఫ్' సూరా 32వ ఆయతులో ప్రశ్నిస్తున్నది. కనుక లేసుల మీద మాకు కోపం లేదు. ఇటలీకి చెందిన డోల్చే అండ్ గబ్బానా సంస్థ 2016లో అబాయాలు, హిజాబులు కూడా అమ్మకానికి పెట్టింది. మనం ఏది తొడిగినా అంగడికి అభ్యంతరం లేదు, కొంటే చాలు.

మమ్మల్ని ఆపినది షరారా పేజీ.

శామీర్‌పేట దారిలోని ఒక ఫంక్షన్ హాలులో ఆమె పిన్ని కూతురి వలీమా జరిగింది. దాని కొరకు 2,340 రూపాయల షరారా తెప్పించుకున్నది. ట్యాగును చంక కింద లోపలికి మడిచి పిన్నీసు పెట్టింది. ఆ పూటంతా తొడుక్కున్నది, చెరువు కట్ట మీద ఫోటోలు దిగింది. మర్నాడు ఇస్త్రీ చేసి, సెంటు చల్లి, కొలత సరిపోలేదని కారణం నొక్కి తిప్పి పంపింది. డబ్బు వెనక్కి వచ్చింది. పుస్తకంలో లెక్క ఇలా ఉన్నది: "ఖర్చు సున్నా. ఫోటోలు ముప్ఫై." ఆ వలీమాకు మేమూ వెళ్లాము. ఆ షరారా బాగుందని మెచ్చుకున్నాము కూడా.

మేడ్చల్ చుట్టుపక్కల గోదాములలో మన ఇళ్ల పిల్లలు ఎందరో పని చేస్తున్నారు. ఈ అమ్మాయి మేనత్త కూతురు కూడా ఒక గోదాములో తిరిగి వచ్చిన బట్టలను తనిఖీ చేసే పనిలో ఉన్నది. పొట్లం విప్పడం, మెడపట్టీ చూడడం, చంక దగ్గర వాసన చూడడం, మళ్లీ అమ్మదగినదా కాదా తేల్చడం. రోజంతా ఇదే పని. భోజనం దగ్గర ఆమె నవ్వుతూ అన్నదట: "పెళ్లిళ్ల రోజుల తరువాత మా బల్ల మీద బిర్యానీ వాసనే. ఏ హాలులో ఏం వండారో చెప్పగలను." పనికిరానివాటిని కుప్పగా లాటు కింద తక్కువ ధరకు అమ్మివేస్తారని కూడా చెప్పింది. ఆ రాత్రి పుస్తకంలో ఒక్క వాక్యమే ఉన్నది. "నాది ఎవరు వాసన చూశారో."

తరువాతి ఆదివారం ఆమె నేరుగా అడిగింది. "ఆపా, తిప్పి పంపవచ్చని కంపెనీవారే అంటున్నారు కదా. ఇందులో నా తప్పేమున్నది?"

మా సమాధానం ముందు మా ఒప్పుకోలుతో మొదలు కావలసి వచ్చింది. దుపట్టా పొడవు గురించి, చేతుల కొలత గురించి ఈ బాలికలకు మేము చెప్పిన పాఠాలకు లెక్క లేదు. ధర్మశాస్త్రంలో క్రయవిక్రయాల అధ్యాయాన్ని మాత్రం, వీరికి దుకాణాలతో ఏం పని అనుకుని, ఏటా రెండు వారాలలో ముగించేవారము. ఇప్పుడు దుకాణం వీరి చేతిలోనే ఉన్నది.

ఆ అధ్యాయంలో ఈమె ప్రశ్న దాదాపు ఉన్నదున్నట్లు దొరుకుతుంది. చూడకుండా కొన్నవాడికి, చూసిన తరువాత నిరాకరించే హక్కును హనఫీ పండితులు గుర్తించారు. దానిని 'ఖియారుర్రూయత్' అంటారు. చూడని భూమి విషయంలో హజ్రత్ ఉస్మాన్ (రజి), హజ్రత్ తల్హా (రజి)ల మధ్య వచ్చిన తగవును హజ్రత్ జుబైర్ బిన్ ముత్ఇమ్ (రజి) తీర్చిన ఉదంతాన్ని దీనికి ఆధారంగా చూపుతారు. ఫోనులో బొమ్మ చూసి కొనే మనందరికీ ఈ హక్కు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. లోపముంటే తిప్పి ఇచ్చే హక్కు వేరే ఉన్నది. మన దేశపు 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు కూడా, లోపమున్న సరుకును, చూపినదానికి భిన్నంగా వచ్చిన సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనరాదని చెబుతున్నాయి. ప్లాస్టిక్ గాజులను ఆమె నిశ్చింతగా తిప్పి పంపవలసింది. విచిత్రమేమంటే, బద్ధకించి వాటిని ఉంచుకున్నది!

అయితే తిప్పి ఇచ్చే గడువు పెట్టుకుని కొన్న వస్త్రాన్ని తొడిగితే ఆ హక్కు నిలుస్తుందా, పోతుందా? ఫుఖహాలు దీనినీ చర్చించారు. కొలత చూడడానికి తొడిగితే హక్కు పోదు. చలి కాచుకోవడానికి తొడిగితే పోతుంది, ఎందుకంటే అక్కడ వస్త్రాన్ని పరీక్షించడం లేదు, వాడుకోవడం జరిగింది. వందల ఏళ్ల నాటి ఈ మాట విని అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "ఆ రోజు చలి కూడా లేదు ఆపా," అన్నది.

కంపెనీవారి అనుమతి కూడా సరిపోలేదని చూసుకునేందుకే కదా! ఆమె నొక్కిన కారణం నిజం కాదు. దైవప్రవక్త (సఅసం) మదీనా బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి లోపల తడిని కనుగొన్న సంఘటన మన పిల్లలందరికీ తెలుసు. తడిని పైన పెట్టకుండా దాచినందుకు ఆ వర్తకుడిని ఆయన మందలించారు. ఆ హదీసును మేము ఎప్పుడూ దుకాణదారులకే వినిపిస్తూ వచ్చాము. ఇస్త్రీ మడతల కింద సెంటు చల్లి పంపిన షరారా కూడా అటువంటి రాశే. ఈసారి దానిని పేర్చినది కొన్న మనిషి.

"పెద్ద కంపెనీకి ఇదెంత?" అని తరగతిలో మరో అమ్మాయి అన్నది. బిల్లు తీసి చూడమన్నాము. అందులో కంపెనీ పేరుతో పాటు అమ్మకందారు పేరు, చిరునామా కూడా ఉన్నాయి. సూరత్‌లోని ఒక చిన్న దుకాణం. ఎన్నోచోట్ల తిరుగు రవాణా ఖర్చు అటువంటివారి మీదనే పడుతుంది. మన గుండ్లపోచంపల్లి అపారెల్ పార్కులో మిషను కుట్టేవారిని ఎరిగిన పిల్లలు ఇంకేమీ అనలేదు.

మరి ఇప్పుడేం చేయాలి? పూర్తి ధర ఇవ్వనక్కరలేదనీ, సరుకు వారికి చేరింది గనుక వాడకం వల్ల తగ్గిన విలువను చెల్లించి క్షమాపణ కోరవలసి ఉంటుందనీ చెప్పాము. ఆమె ముందుగా కంపెనీ సహాయ కేంద్రానికి వ్రాసింది. డబ్బు రాలేదని ఫిర్యాదు చేస్తున్నదనుకుని, మళ్లీ రీఫండ్ పంపమంటారా అని వారు మూడుసార్లు అడిగారు. డబ్బు తిరిగి ఇస్తానన్నవారి కొరకు ఆ యాప్‌లో బటన్ ఏదీ లేదు. చివరికి మేనత్త కూతురితో కూర్చుని 600 రూపాయలని లెక్క కట్టి, సూరత్ చిరునామాకు హిందీలో ఒక ఉత్తరం వ్రాసి, మేడ్చల్ తపాలా కార్యాలయంలో రిజిస్టర్ చేయించింది. మీ ఖాతా వివరం పంపండి అన్నది సారాంశం. ట్యూషన్ చెప్పి సంపాదించిన ఆ 600 ఒక కవరులో విడిగా ఉన్నది.

ఇది వ్రాసే నాటికి జవాబు రాలేదు. నోటు పుస్తకంలో మాత్రం కొత్త పేజీ మొదలైంది. హిజాబు పిన్నులు, పన్నెండు, 40 రూపాయలు, మేడ్చల్ బస్టాండు ఎదుట. తెల్లరాయివి రెండు వంకరగా ఉన్నాయట. దాని కింద ఒక కాటన్ దుపట్టా, ఆకుపచ్చది, పక్కన చిన్న అక్షరాలతో: "ఇంటికి రాగానే ట్యాగు తెంపాను."