మారింది డబ్బా మీది పేరే!

చిట్టమూరు: నాట్ల కాలంలో పొద్దుగూకేదాకా కయ్యల్లో వంగి పనిచేసే ఆడవాళ్ళ ఒళ్ళు ఎండకు కమలకుండా ఉంటుందా? ఆ రంగే లోపమన్నట్టు 1975 నుంచి 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము పల్లెపల్లెనా అమ్ముడుపోయింది. తెలుపే అందమన్న మాట దాని పేరులోనే ఉంది. ప్రకటనల్లో నల్లపిల్లకు ఉద్యోగం రాదు, పెళ్ళి కుదరదు. క్రీము రాసుకుంటే చాలు, రెండూ నడిచొస్తాయి!

2020 మే నెలలో అమెరికాలో జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు చేతిలో చనిపోయాక రేగిన ఆందోళన సెగ ఈ క్రీముకూ తగిలింది. ఆ జూలైలో హిందుస్థాన్ యూనిలీవర్ 'ఫెయిర్' తీసి 'గ్లో' పెట్టింది.

పేరు మార్చడంలోనూ కిటుకులుంటాయి. హాంకాంగ్, తైవాన్‌లలో అమ్మిన 'డార్కీ' టూత్‌పేస్టు సంగతే చూడండి. నల్లవారిని ఎగతాళి చేసే ఆ మాట 1989లో 'డార్లీ' అయింది. చైనా లిపిలో మాత్రం 'నల్లవాడి టూత్‌పేస్టు' అనే అచ్చువేస్తూ వచ్చారు. దాన్నీ మారుస్తామని కంపెనీ చెప్పింది 2021 డిసెంబరులో. ఇంగ్లీషు చదివేవారికి మర్యాద 32 ఏళ్ళు ముందే దక్కిందన్నమాట!

చిట్టమూరు వైపు క్రీము పేరును చదివి కొనేవారికన్నా విని కొనేవారే ఎక్కువ. పిల్లలు అంగడికొచ్చి పాత పేరే అడుగుతారు. అంగడాయన మారుమాట లేకుండా కొత్త డబ్బా అందిస్తాడు.