విసిరే చేయి, పెరిగే ఎముక

జొన్నచేలు కంకి వేసి పాలు పోసుకునే రోజులలో పిట్టల కావలి తప్పనిసరి. వనపర్తి జిల్లాలోని అమరచింత చుట్టుపట్ల మెట్ట పొలాలలోనూ, కృష్ణకు ఆవలి గద్వాల ప్రాంతంలోనూ చేను నడుమ మంచె వేసుకొని, దానిపై నిలబడి వడిసెలతో రాయి విసరడం పాతకాలం నుండి ఉన్న పని. ఉత్త చేతితో విసిరితే చేను మధ్యలోనే పడిపోయే రాయి, వడిసెలలో పెట్టి తిప్పి వదిలితే గట్టు దాటి పోతుంది. రాయి అదే, చేయి అదే. మరి ఆ అదనపు వేగం ఎక్కడిది?

భుజం నుండి పిడికిలి వరకు 60 సెంటీమీటర్లు ఉన్నదనుకొందాం. వడిసెల తాడు మరొక 60 సెంటీమీటర్లు. తిరిగే వ్యాసార్ధం రెండింతలైనది. సెకనుకు తిరిగే చుట్లు మారకపోతే రాయి వేగం కూడా రెండింతలవుతుంది. విసిరిన వస్తువు పోయే దూరం వేగం వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, దూరం నాలుగింతలు కావాలి.

వడిసెల లేకుండా ఇంతకు మించిన వేగాన్ని సాధించేవారు ఉన్నారు. అమెరికా, జపాను దేశాలలో ఎంతో ఆదరణ పొందిన బేస్‌బాల్ ఆటలో బంతి విసిరే ఆటగానిని పిచ్చర్ అంటారు. 142 నుండి 149 గ్రాముల బరువుండే బంతిని ఆయన 18.44 మీటర్ల దూరానికి గంటకు 150 కిలోమీటర్ల వేగంతో విసురుతాడు. బ్యాటరును చేరడానికి దానికి పట్టే కాలం సుమారు 0.4 సెకను. పిచ్చర్ చేతిలో తాడు లేదు. అతని శరీరమే వడిసెల.

వేగం పాదం నుండి

ఎద్దులబండి తోలేవాని చెర్నాకోలను గమనించండి. చేయి కదిలేది కొద్దిగానే. ఆ కదలిక లావుగా ఉన్న పిడి నుండి సన్నని కొస వైపు పాకుతూ పోయి, కొసను చేరేసరికి వేగం ఎన్నో రెట్లవుతుంది. పిచ్చర్ శరీరంలో జరిగేదీ ఇదే. ముందుకు వేసిన పాదం నేలను తన్ని నిలుస్తుంది. నడుము తిరుగుతుంది. దాని వెంట ఛాతీ, తరువాత భుజం, మోచేయి, చివరకు మణికట్టు, వేళ్లు. ఒక భాగం వేగం తగ్గుతున్న క్షణంలో తరువాతి భాగం ఆ శక్తిని అందుకొంటుంది. ఈ వరుస తప్పితే కాళ్లు, నడుము చేయవలసిన పని కూడా చేయి మీదనే పడుతుంది.

బంతి విడిచే సమయంలో భుజం తిరిగే వేగం సెకనుకు సుమారు 7,000 డిగ్రీలు. అదే వేగంతో ఒక పూర్తి సెకను తిరగగలిగితే చేయి 19 చుట్లు తిరుగుతుంది. మానవ శరీరం చేయగల అతివేగమైన కదలికలలో ఇది ఒకటి.

బంతి ఎందుకు వంగుతుంది?

వేగం ఒక్కటే చాలదు. బంతి ఎటు పోతుందో బ్యాటరు ఊహించలేకపోవాలి. ఇందుకు సాధనం భ్రమణం. తిరుగుతూ పోయే బంతి తనతోపాటు చుట్టూ ఉన్న గాలిని లాగి ఒక పక్కకు మళ్లిస్తుంది. అందుకు ప్రతిచర్యగా బంతి రెండవ పక్కకు వంగుతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు గుస్టాఫ్ మాగ్నస్ 1852లో దీనిని పరిశోధించినందున దీనికి మాగ్నస్ ఫలితమని పేరు.

తరగతిలో దీనిని సులువుగా చూపవచ్చు. కాగితాన్ని గొట్టంలా చుట్టి అంటించి, ఏటవాలుగా పెట్టిన బల్ల మీద దొర్లించండి. అంచు దాటిన గొట్టం ముందుకు పోయి పడదు. వెనుకకు వంగి బల్ల కిందికి వస్తుంది.

బేస్‌బాల్ బంతిపై ఎర్రదారంతో వేసిన 108 జంట కుట్లుంటాయి. వాటి మీద వేళ్లు ఉంచే తీరును బట్టి భ్రమణం మారుతుంది. వేళ్లు బంతి వెనుక నుండి కిందికి జారితే అది వెనుకకు తిరుగుతూ, పడవలసినంత పడకుండా దూసుకుపోతుంది. ఇది ఫాస్ట్‌బాల్. నిమిషానికి సుమారు 2,300 చుట్ల లెక్కన ఇది బ్యాటరును చేరేలోగా 15 చుట్లు తిరుగుతుంది. ముందుకు తిరిగేట్లు విసిరితే బంతి చివరలో కిందికి వాలుతుంది. ఇది కర్వ్. పక్కకు జారేది స్లైడర్. చేయి ఊపు మారకుండా వేగం మాత్రం తగ్గించి విసిరేది ఛేంజప్.

నారుమడి పద్ధతి

ఈ విద్యను జట్లు ఎట్లా నేర్పుతాయి? వరినారును ఒక మడిలో పెంచి తరువాత పొలంలో నాటినట్లు, చిన్న జట్లలో యువకులను పెంచి పెద్ద జట్టులోకి తీసుకొనే పద్ధతిని 1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులో బ్రాంచ్ రికీ అభివృద్ధి చేశాడు. నేడు అమెరికాలోని 30 పెద్ద జట్లలో ప్రతిదానికి కింద నాలుగు మెట్లుగా అనుబంధ జట్లున్నాయి. పాఠశాలల నుండి, కళాశాలల నుండి ఏటా ఎంపికైన యువకులు ఈ మెట్లు ఎక్కవలసి ఉంటుంది. ఎక్కువమంది మధ్యలోనే ఆగిపోతారు.

శిక్షకులు రాడారుతో బంతి వేగాన్ని, భ్రమణాన్ని కొలుస్తారు. వేళ్ల చివర బంతి విడిపోయే క్షణాన్ని అతివేగ కెమెరాలతో చిత్రిస్తారు. ఒక యువకుని చేయి సహజంగా ఏ కోణంలో తిరుగుతుందో చూసి, దానికి అనువైన బంతినే నేర్పుతారు. బాలురు మొదట ఫాస్ట్‌బాల్, ఛేంజప్ నేర్చి, చేయి తిప్పవలసిన కర్వ్, స్లైడర్‌లను ఆ తరువాత నేర్వడం మంచిదని నిపుణుల సలహా.

క్రికెట్‌లోనూ ఇటువంటి కృషి కనిపిస్తుంది. హైదరాబాదుకు చెందిన మహమ్మద్ సిరాజ్ ముందు ఎక్కువగా టెన్నిస్ బంతితోనే ఆడి, 2015లో రంజీ పోటీలలో ప్రవేశించారు. కుట్టు నిటారుగా నిలవక అటూ ఇటూ ఊగుతూ పోయే బంతిని తరువాత సాధన చేసి తన ఆయుధంగా చేసుకొన్నారు. 2025లో ఇంగ్లండుతో జరిగిన ఐదు టెస్టులలో 185.3 ఓవర్లు, అంటే 1,113 బంతులు వేసి 23 వికెట్లు తీశారు. అయితే అవి 31 ఏళ్ల వ్యక్తి, పూర్తిగా ఎదిగిన శరీరంతో వేసిన బంతులు. పదమూడేళ్ల బాలునికి అవి కొలత కావు.

మోచేతిలోని తాడు

భుజాస్థిని, ముంజేతిలోని అరత్నిని మోచేతి లోపలి పక్కన ఒక సంధిబంధనం కలిపి ఉంచుతుంది. వేగంగా విసిరే ప్రతిసారీ మోచేతిని పక్కకు విరిచే బలం పనిచేస్తుంది. పెద్దవారిలో దాని భ్రామకం సుమారు 64 న్యూటన్-మీటర్లు. మోచేతి నుండి 30 సెంటీమీటర్ల దూరాన 22 కిలోల బరువును వేలాడదీసినంత ఇది. ప్రయోగశాలలో మృతదేహాల నుండి తీసి పరీక్షించినప్పుడు ఈ బంధనం ఒక్కటే అందులో సగానికే, సుమారు 32 న్యూటన్-మీటర్లకే, తెగిపోయింది.

అయినా ప్రతి బంతికీ మోచేయి ఎందుకు తెగదు? మిగిలిన భారాన్ని ముంజేతి కండరాలు, ఎముకల అమరిక పంచుకొంటాయి. ఇక్కడే అసలు విషయం ఉన్నది. కండరాలు అలసిపోతే తమ వాటాను మోయలేవు. ఆ భారం బంధనం మీద పడుతుంది. ఒక్క బంతి వలన కాక, అలసిన తరువాత కూడా విసురుతూ పోవడం వలననే ఎక్కువ హాని కలుగుతుంది. 2006లో ప్రకటించిన ఒక పరిశోధనలో, చేయి అలసినా తరచు విసిరిన బాలురు శస్త్రచికిత్స అవసరమైన వర్గంలో ఉండే అవకాశం 36 రెట్లుగా తేలింది.

పిల్లలలో మరొక చిక్కు ఉన్నది. పెరిగే ఎముకల చివర మృదులాస్థితో కూడిన ఎదుగు పలకలుంటాయి. మోచేతి లోపలి పక్కనున్న పలక బాలురలో సుమారు 15 నుండి 17 ఏళ్లకు గాని గట్టిపడి ఎముకలో కలిసిపోదు. అంతవరకు అది బంధనం కంటె బలహీనం. పెద్దవానికి బంధనం తెగే చోట, పిల్లవానికి ఎముక ముక్కే ఊడి రావచ్చు.

తెగిన బంధనాన్ని సరిచేసే మొదటి శస్త్రచికిత్సను 1974లో లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచ్చర్‌కు చేశారు. ముంజేతి నుండి తీసిన స్నాయువును మోచేతిలో అమర్చారు. టామీ జాన్ 1976లో తిరిగి ఆటలోకి వచ్చి 1989 వరకు ఆడాడు. కాని శస్త్రచికిత్స ఉన్నదన్న ధీమాతో ప్రమాదం తగ్గలేదు. అమెరికా పెద్ద జట్లలో ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకు 147 కిలోమీటర్లు, 2024లో దాదాపు 152. వేగం కొరకు ప్రతి బంతినీ పూర్తి బలంతో విసరడమే గాయాలు పెరగడానికి ముఖ్యకారణమని ఆ ఆట నిర్వాహకులు 2024 డిసెంబరులో ప్రకటించిన నివేదిక తేల్చింది.

కుమార్ రాకర్ కథ ఇందుకు తార్కాణం. ఆయన తల్లి లలిత అమెరికాలో స్థిరపడిన భారతీయ కుటుంబానికి చెందినవారు. 2019 జూన్ 8న వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున ఆడుతూ, తన స్లైడర్‌తో 19 మంది బ్యాటర్లను బంతి కొట్టనీయకుండా వెనుకకు పంపి, ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించారు. 2021లో ఒక పెద్ద జట్టు ఆయనను ఎంచుకొని కూడా, వైద్య పరీక్ష అనంతరం ఒప్పందం చేసుకోలేదు. ఆ ఏడు భుజానికి, 2023లో మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. టెక్సస్ రేంజర్స్ పక్షాన పెద్ద జట్ల ఆటలో అడుగుపెట్టేసరికి 2024 సెప్టెంబరు 12 వచ్చింది.

పాఠశాలలో చేయదగినది

2014లో అమెరికాలో పిల్లల కొరకు ఒక లెక్క ఏర్పరచారు. పోటీలో రోజుకు 11, 12 ఏళ్లవారు 85 బంతులకు, 13 నుండి 16 ఏళ్లవారు 95కు, 17, 18 ఏళ్లవారు 105కు మించి విసరకూడదు. 13, 14 ఏళ్ల బాలుడు ఒకరోజు 66 లేక అంతకు మించి విసిరితే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పిచ్చింగ్ మానాలి.

అమరచింత వంటి ఊరి ఉన్నత పాఠశాలలో రాడారు, కెమెరాలు ఉండవు. వ్యాయామోపాధ్యాయునికి ఒక నోటుపుస్తకం చాలు. సాఫ్ట్‌బాల్ గాని, ఈటె గాని, క్రికెట్ బంతి గాని బలంగా విసిరిన ప్రతిసారీ ఒక గీత గీయాలి. తేదీ, విసిరిన లెక్క, మరునాడు నొప్పి ఉన్నదా లేదా అన్న మూడు వివరాలు రాయాలి. అలసట గుర్తులు బయటికే కనిపిస్తాయి: మోచేయి భుజం కంటె కిందికి జారుతుంది, గురి తప్పుతుంది, బంతికి బంతికి నడుమ విరామం పెరుగుతుంది. అప్పుడు ఆపివేయాలి. మోచేతి లోపలి పక్కన నొప్పి అన్న పిల్లవానిని ఓర్చుకొమ్మనకుండా వైద్యునికి చూపాలి.

చేను కావలివాడు వడిసెల తాడు నలిగినదేమోనని రోజూ చూసుకొంటాడు. మోచేతిలోని తాడు పైకి కనిపించదు. అది ఎంత నలిగినదో ఆ నోటుపుస్తకంలోని గీతలను బట్టి తెలుసుకోవలసినదే.