మన యాత్రకు మనమే ప్రణాళిక

మా చిన్ననాటి ఇంటిగోడకు ఒక పాత క్యాలెండరు వ్రేలాడుతూ ఉండేది. తేదీలు చెల్లి ఏళ్లు గడిచినా దానిని తీసివేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. మంచు కప్పిన ఆల్ప్స్ శిఖరాలు, వాటి పాదాల వద్ద పచ్చిక బయళ్లు, ఆ బయళ్ల నడుమ సాగిపోయే ఎర్రని రైలుబండి - ఇదీ అందులోని చిత్రం. మైపాడు తీరాన ఇసుకలో ఆడుకొని పెరిగిన మాకు పడమటి దిక్కున కనిపించే వెలిగొండల నీలిరేఖ తప్ప పర్వతమంటే తెలియదు. రైలుబండి కొండ ఎక్కుతుందన్న సంగతి ఒక కథవలె తోచేది. ఈనాడు మా పిల్లలు అటువంటి చిత్రాన్నే ఫోనులో చూసి, "ఈ రైలు ఎక్కడ ఎక్కాలి?" అని అడిగారు.

స్విట్జర్లాండు ప్రయాణం మావంటి మధ్యతరగతి కుటుంబానికి అందే పండు కాదు. కాని రైలులో కొండ ఎక్కి, లోయలో రెండు రాత్రులు గడిపి, కారులో కొండ దిగే అవకాశం మన రాష్ట్రంలోనే ఉన్నది. విశాఖపట్నం నుండి అరకులోయకు వెళ్లే మార్గం అటువంటిది. ఏ యాత్రాసంస్థ సహాయమూ లేకుండా, మా ప్రణాళిక మేమే వేసుకొని, గడచిన జనవరిలో ఐదుగురం ఆ యాత్ర చేసి వచ్చాము. ప్రకృతి వర్ణన మా ఉద్దేశం కాదు. కుటుంబ యాత్రకు ప్రణాళిక ఎలా వేసుకోవాలి, పొరపాటు ఎక్కడ దొర్లుతుంది అన్న విషయాన్ని విద్యార్థి మిత్రుల ముందుంచడమే ఈ వ్యాస లక్ష్యం.

మన ఇళ్లలో ప్రయాణానికి మూడే కారణాలు. ఒకటి పెళ్లి, రెండు ఆసుపత్రి, మూడు జియారత్. కసుమూరు, కడప, నాగూరు దర్గాలు చూసిన పెద్దలు ఎందరో ఉన్నారు. కేవలం చూడడానికని ఊరు కదిలిన వారు, ముఖ్యంగా స్త్రీలలో, బహు తక్కువ. ఇది మన సంప్రదాయమని కొందరు భావిస్తారు. ఆ భావన సరికాదు. భూమిపై సంచరించి చూడుమని, ఆలోచింపుమని పవిత్ర ఖుర్ఆన్ పలుచోట్ల ప్రబోధిస్తున్నది. ఇబ్న్ బతూతా 1325లో టాంజియర్ పట్టణం విడిచినప్పుడు ఆయన వయస్సు 21 సంవత్సరాలు. తెలుగువారి విషయానికి వస్తే, మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో సపరివారంగా కాశీయాత్రకు బయలుదేరి, పదిహేను నెలలకు పైగా ప్రయాణించి, 1831లో తిరిగి వచ్చారు. మజిలీ మజిలీకి దూరం, నీటి వసతి, దొరికే సరుకులు వ్రాసిపెట్టుకున్నారు. ప్రణాళిక, పరిశీలన అనేవి మనకు కొత్తవి కావు.

మా మొదటి ప్రణాళికను ఒక పెద్ద కాగితం మీద గడులు గీసి తయారు చేశాము. రాత్రి నెల్లూరులో బండి ఎక్కాలి. సుమారు 600 కిలోమీటర్లు ప్రయాణించి తెల్లవారేసరికి విశాఖ చేరాలి. అక్కడ దిగీ దిగగానే కొండరైలు అందుకోవాలి. మధ్యాహ్నం అరకు, సాయంత్రం కారులో బొర్రా గుహలు, రాత్రికి మళ్లీ విశాఖ, ఆ రాత్రే తిరుగు బండి. సెలవు వృథా కాలేదు, ఖర్చు పెరగలేదు, ఒక్క నిమిషం ఖాళీ లేదు. దానిని చూసి మేము గర్వించాము కూడా.

ఆ కాగితాన్ని మా అమ్మీకి చదివి వినిపించాము. ఆమె వయస్సు 68 సంవత్సరాలు. మోకాళ్ల నొప్పి ఉన్నది. అంతా విని ఆమె అడిగినది ఒక్కటే ప్రశ్న: "అన్నీ బాగానే ఉన్నాయి బేటా, ఇందులో నేను కాలు చాపుకొనే చోటేది? నమాజుకు వేళ ఏది?" మేము కాగితం వైపు చూశాము. చోటు లేదు. అంతకుముందే ఆమె, "మీరు వెళ్లి రండి, నేను ఇల్లు చూసుకుంటాను" అని రెండుసార్లు అన్నది. అది త్యాగమని మేము అనుకున్నాము. కాదు, మా కాగితమే ఆమెను ఇంటి వద్ద ఉండమన్నది.

ఇక్కడ ఒక మాట ప్రస్తావించాలి. నిర్ణీత దూరం దాటిన ప్రయాణికునికి షరీఅత్ సడలింపు ఇచ్చినది. జుహర్, అసర్, ఇషా నమాజులలో నాలుగు రకాతుల ఫర్జ్ రెండు రకాతులవుతుంది. రంజాన్ ఉపవాసాన్ని మరొక రోజుకు వాయిదా వేసుకోవచ్చు. ధర్మశాస్త్ర పరిభాషలో ఇటువంటి సడలింపునకు రుఖ్సత్ అని పేరు. ఉర్దూ వాడుకలో అదే మాటకు సెలవు అనే అర్థం కూడా ఉన్నది. ప్రయాణంలో శరీరం అలసిపోతుందని, అనుకున్నది అనుకున్నట్లు జరగదని గుర్తించి, విధి నిర్వహణలోనే వెసులుబాటు కల్పించిన ధర్మం మనది. మనం వేసుకునే ప్రణాళికలో ఆ వెసులుబాటు లేకపోవడం ఎంత విచిత్రం!

ఆల్ప్స్ దేశంలో ఈ వెసులుబాటు ప్రయాణికుని కాగితంలో ఉండవలసిన పని లేదు. అక్కడి కాలపట్టికలోనే అది ఇమిడి ఉన్నది. 1982లో స్విట్జర్లాండు దేశమంతటా ప్రధాన మార్గాలలో గంట గంటకూ ఒక రైలు నడిచే పద్ధతిని ప్రవేశపెట్టారు. రైలు రాకను అనుసరించి కొండ ఊళ్లకు పోస్టు బస్సులు బయలుదేరుతాయి. ఒక బండి తప్పితే తరువాతి బండి ఉంటుంది. వృద్ధులు నింపాదిగా నడవవచ్చు. మన కొండలలో రోజుకు ఒకటి రెండు బండ్లే నడుస్తాయి. ఒకటి తప్పితే ఆ రోజు ప్రయాణం దాదాపు పోయినట్లే. కాలపట్టిక ఇవ్వని వెసులుబాటును ఇక్కడ మన కాగితమే ఇవ్వాలి. స్వయంగా ప్రణాళిక వేసుకునేవారు మొదట గ్రహించవలసిన సత్యం ఇది.

రెండవ కాగితంలో రెండు రోజులను ఐదు రోజులు చేశాము. చూడవలసిన స్థలాలను తగ్గించాము. విశాఖ చేరిన రోజు విశ్రాంతికే కేటాయించాము. మరునాటి ఉదయం కొండరైలు. అరకులో రెండు రాత్రులు. ఆ పిదప కారులో దిగుట. విశాఖలో మరొక రాత్రి గడిపిన తరువాతనే తిరుగు ప్రయాణం. ప్రతిరోజూ ఒక గడి ఖాళీగా వదిలి దానికి "రుఖ్సత్" అని పేరు పెట్టాము. రిజర్వేషన్లు ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతాయి కనుక సంక్రాంతి రద్దీ తగ్గిన తేదీలు చూసుకొని, మొదటి రోజే టిక్కెట్లు తీసుకున్నాము.

ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు కారు అని నిర్ణయించడానికి కారణం ఉన్నది. ఇనుప పట్టామీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. అందుచేత రైలుమార్గం నిటారుగా కొండ ఎక్కజాలదు. కొత్తవలస - కిరండూల్ మార్గాన్ని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవు ద్వారా జపానుకు ఎగుమతి చేసే నిమిత్తం 1960లలో నిర్మించారు. ఈ ఘాట్‌లో ఎక్కుడు 60కి 1, అనగా 60 మీటర్లు ముందుకు సాగితే ఒక మీటరు పైకి. మార్గంలో ఎత్తయిన శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ లెక్కన అంత ఎత్తు ఎక్కడానికి సుమారు 60 కిలోమీటర్ల పట్టా కావాలి. ఆ నిడివిని సంపాదించడానికే మార్గం కొండ చరియలను చుట్టుకుంటూ, సొరంగాలలో దూరుతూ పోతుంది. ఈ మార్గంలో 50కి పైగా సొరంగాలు ఉన్నాయి. ఆల్ప్స్‌లో 1882లో ప్రారంభమైన గోథార్డ్ మార్గమూ ఇదే సమస్యను ఎదుర్కొన్నది. అక్కడ కొండ లోపలనే రైలును గుండ్రంగా తిప్పారు. అందువలన వాసెన్ గ్రామపు చర్చి ప్రయాణికులకు మూడు ఎత్తుల నుండి మూడుసార్లు కనిపిస్తుంది.

నెమ్మదిగా ఎక్కే ఈ బండి వృద్ధులకు అనుకూలం. లేచి నడవవచ్చు, మరుగుదొడ్డి ఉంటుంది, కడుపులో తిప్పదు. 2017 నుండి ఈ మార్గంలో అద్దాల పైకప్పు గల పెట్టెను కూడా నడుపుతున్నారు. మేము సాధారణ పెట్టెలోనే కిటికీ ప్రక్కన అమ్మీని కూర్చుండబెట్టాము. శృంగవరపుకోట దాటిన తరువాత కొండలు దగ్గరయ్యాయి. మొదటి సొరంగంలో పిల్లలు కేకలు వేశారు. అమ్మీ ఉలిక్కిపడి మా చేయి పట్టుకున్నది. రెండవ సొరంగానికి చేయి వదిలి తస్బీహ్ తీసినది. భయంతో దువా చదువుతున్నదని మేము అనుకున్నాము. తీరా చూస్తే సొరంగానికి ఒక పూస చొప్పున జరుపుతూ లెక్క పెడుతున్నది. బొర్రా గుహల స్టేషను వచ్చేసరికి పిల్లలు తమ లెక్క తప్పి, దాదీని అడిగి సరిచూసుకున్నారు.

శిమిలిగుడ దాటాక బండి కొంత దిగి అరకు చేరుతుంది. అరకులోయ ఎత్తు సుమారు 911 మీటర్లు. 2022 నుండి ఇది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. ఇక్కడి గిరిజన రైతులు పండించే అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట చూశాము. మూడవ స్థలానికి వెళ్లవలసిన వేళ అమ్మీ రుఖ్సత్ గడిని గుర్తు చేసినది. అందరం బస వద్ద ఎండలో కూర్చున్నాము. ఆహారం గురించి వెళ్లకముందు కొంత చింత ఉండేది. ఇంటి నుండి తెచ్చిన రొట్టెలు, ఊరగాయతోను, అక్కడ దొరికిన అన్నం, పప్పు, కూరలతోను ఏ లోటూ లేకుండా గడిచినది.

దిగేటప్పుడు కారు ఎందుకంటే, రైలు దృశ్యాన్ని చూపుతుంది గాని కోరిన చోట ఆగదు. బొర్రా స్టేషనులో దిగితే మళ్లీ బండికోసం నిరీక్షించవలసిందే. కారు గుహల వద్ద ఆగుతుంది, కాఫీ తోటల వద్ద ఆగుతుంది, నమాజుకు ఆగుతుంది. అయితే ఘాట్‌రోడ్డు రైలుమార్గం కంటే నిటారు. మలుపులలో కంటికి కనిపించే కదలికకు, చెవి లోపలి సమతుల్య యంత్రం గ్రహించే కదలికకు పొంతన కుదరక వాంతి వస్తుంది. అటువంటి వారు ముందు సీటులో కూర్చొని దూరపు రోడ్డును చూడడం మేలు. దిగేటప్పుడు తక్కువ గేరులో రావాలి. బ్రేకుమీదనే ఆధారపడితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. ఎదురుగా ఎక్కివచ్చే బండికి దారి ఇవ్వడం కొండదారి నియమం.

బొర్రా గుహలు సున్నపురాతి గుహలు. గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న నీరు సున్నపురాతిని యుగాల తరబడి కరిగించగా ఇవి ఏర్పడినవి. కరిగిన సున్నం బొట్టు బొట్టుగా పేరుకొని పైనుండి వ్రేలాడే స్తంభాలు, క్రింది నుండి లేచే స్తంభాలు తయారైనవి. లోపల మెట్లు ఎక్కువ. కొన్ని మెట్లు దిగి, గుహ ముఖం నుండి లోపలి చీకటిని కాసేపు చూసి, అమ్మీ ఆగిపోయినది. మాలో ఒకరు ఆమెతో ఉండగా తక్కినవారు లోపలికి వెళ్లి వచ్చి, తరువాత వంతు మార్చుకున్నాము.

అనంతగిరి దాటిన తరువాత ఒక మలుపులో లారీ చెడి రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయినది. మూడు గంటలు అక్కడే ఉన్నాము. రోడ్డు ప్రక్క మొక్కజొన్న పొత్తులు కాల్చే ఒక గిరిజన స్త్రీ అమ్మీకి పీట వేసి కూర్చుండబెట్టినది. ఒకరి యాస ఒకరికి సగమే తెలిసినా ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. విశాఖ చేరేసరికి బాగా ప్రొద్దుపోయినది. మా మొదటి కాగితం ప్రకారమైతే నెల్లూరు బండి అప్పటికే వెళ్లిపోయి ఉండేది. రెండవ కాగితం ప్రకారం ఆ రాత్రి మాకు చేయవలసిన పనేదీ లేదు, నిద్రపోవడం తప్ప.

విద్యార్థి మిత్రులారా! మేము నేర్చుకున్నది స్వల్పమే. కుటుంబంలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారి అడుగును కొలతగా తీసుకోవాలి. రోజుకు ఒకటి రెండు బండ్లే ఉన్న చోట రెండు ప్రయాణాల మధ్య ఒక రాత్రి ఉంచాలి. చూడవలసిన స్థలాల జాబితా వ్రాసిన తరువాత దానిలో మూడవవంతు కొట్టివేయాలి. ముసాయిదాను ఇంటిలో అందరికీ, ముఖ్యంగా "మీరు వెళ్లి రండి" అనేవారికి, చదివి వినిపించాలి.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం. మన విహారయాత్రకు పేరు ఇవ్వని విద్యార్థినులు ప్రతి సంవత్సరమూ ఉంటున్నారు. వారికి ఇష్టం లేక కాదు. ఎక్కడ బస, ఏ వేళకు ఏ బండి అన్న ప్రశ్నలకు ఇంటిలో జవాబు చెప్పలేక. యాత్రా ప్రణాళికను విద్యార్థినీ విద్యార్థులచేతనే తయారు చేయించి, తల్లులను పిలిచి చదివి వినిపించి, వీలైతే కొందరు తల్లులను వెంట తీసుకొని వెళ్లినచో ఎన్నో పేర్లు చేరుతాయని మా విశ్వాసం.

మా పిల్లలు ఇప్పుడు నీలగిరి కొండరైలుకు కాగితం గీస్తున్నారు. 1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు వేసిన ఆ మార్గంలో 12కి 1 ఎక్కుడు గల చోట పట్టాల నడుమ పళ్ల కమ్మీ ఉంటుందని, ఆ ఏర్పాటు రోమన్ ఆబ్ట్ అనే స్విస్ ఇంజనీరు రూపొందించినదని, ఇంజన్లు కూడా స్విట్జర్లాండులోని వింటర్‌టూర్ నుండి వచ్చినవని చదివి తెలుసుకున్నారు. క్యాలెండరులోని రైలుకు అది దూరపు చుట్టమే. గడులు గీయడం పిల్లలు మొదలుపెట్టకముందే వారి దాదీ కాగితం తీసుకొని, ఒక మూల ఉర్దూలో రుఖ్సత్ అని వ్రాసి ఇచ్చినది.