బడిలో రోబో.. ఇంట్లో విద్యార్థి! ఏంటీ టెలిప్రెజెన్స్? కొలిమిగుండ్ల లాంటి చోట కుదిరే పనేనా?

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఎనిమిదో తరగతి చదివే ఓ అమ్మాయికి తుంటి ఆపరేషన్ అయ్యిందనుకుందాం. మూడు నెలలు మంచం దిగొద్దని డాక్టర్లు చెప్పారు. ఇంట్లో పుస్తకాలున్నాయి, ఫోన్ ఉంది, యూట్యూబ్‌లో పాఠాలకు కొదవే లేదు. అయినా మూడు నెలల తర్వాత ఆ అమ్మాయి మళ్లీ బడికి వస్తుందన్న గ్యారంటీ లేదు. లెక్కల్లో వెనకబడుతుంది. పక్కన కూర్చునే స్నేహితురాలు ఇంకో బెంచీకి మారిపోతుంది. ఇంట్లో 'ఇంక చాల్లే చదువు' అనే మాట మెల్లగా మొదలవుతుంది. సరిగ్గా ఇలాంటి పిల్లల కోసమే కొన్ని దేశాల్లో టెలిప్రెజెన్స్ రోబోలను క్లాసులో కూర్చోబెడుతున్నారు.

రోబో అనగానే సొంతంగా పాఠాలు చెప్పేసే యంత్రం అనుకోవద్దు. కేరళలోని తిరువనంతపురంలో 2024లో వార్తల్లోకెక్కిన 'ఐరిస్' లాంటి రోబో టీచర్ వేరు, ఇది వేరు. అక్కడ జవాబు చెప్పేది కంప్యూటర్. ఇక్కడ మాట్లాడేది మనిషే. కెమెరా, మైకు, స్పీకర్, ఇంటర్నెట్.. వీటికి ఒక ఒళ్లు తగిలిస్తే అదే టెలిప్రెజెన్స్ రోబో. ఆ ఒళ్లు ఎటు తిరగాలో దూరంగా ఉన్న మనిషి నిర్ణయిస్తాడు.

నార్వే రాజధాని ఓస్లోలో 2015లో మొదలైన 'నో ఐసొలేషన్' అనే కంపెనీ తయారుచేసిన ఏవీ1 రోబోనే తీసుకుందాం. జానెడు కంటే కాస్త ఎత్తు, కిలో బరువు. బెంచీ మీద పెట్టేస్తే చాలు. ఇంట్లో ఉన్న పిల్ల ట్యాబ్ మీద వేలు జరిపితే రోబో తల తిరుగుతుంది, బోర్డు వైపు కావాలంటే బోర్డు వైపు, స్నేహితురాలి వైపు కావాలంటే అటు. ప్రశ్న అడగాలంటే ఒక బటన్ నొక్కాలి. రోబో తల మీద లైటు వెలిగి ఆరుతుంది, అదే చెయ్యెత్తడం. ఒంట్లో బాగాలేదు, ఊరికే వింటాను అనుకుంటే లైటు నీలం రంగులోకి మార్చుకోవచ్చు. అప్పుడు టీచర్ లేపి అడగరు.

ఇంకో విషయం ఉంది. క్లాసు ఆ పిల్లకు కనిపిస్తుంది కానీ, ఆ పిల్ల క్లాసుకు కనిపించదు. గొంతు మాత్రమే వినిపిస్తుంది. జుట్టు ఊడిపోయి, ముక్కుకు ట్యూబుతో ఉన్న పిల్లలు తమ ముఖం ముప్పై మందికి చూపించాలనుకోరు కదా! మామూలు వీడియో కాల్‌కీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే.

జపాన్‌లో ఒరిహిమె అనే చిన్న రోబో ఉంది. దాన్ని తయారుచేసిన యోషిఫుజి కెంటారో చిన్నప్పుడు అనారోగ్యంతో ఏళ్ల తరబడి బడికి దూరమైన వ్యక్తి. అమెరికాలోని డబుల్ రోబోటిక్స్ వాళ్లది ఇంకో రకం, చక్రాల మీద నిలబడే కర్రకు స్క్రీన్ బిగించినట్టు ఉంటుంది, క్లాసు నుంచి క్లాసుకు అదే నడిచి వెళ్తుంది. 2020 మార్చిలో కరోనా భయంతో టోక్యోలోని బీబీటీ యూనివర్సిటీ విద్యార్థులు ఇలాంటి రోబోలకు గౌన్లు తొడిగి, ఇంటి నుంచే డిగ్రీ పట్టాలు అందుకున్నారు. ఆ వీడియో మీరు చూసే ఉంటారు.

ట్యాబ్ ఉందిగా, మళ్లీ ఇదెందుకు?

న్యాయమైన ప్రశ్నే. 2022 డిసెంబర్‌లో ఏపీ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. అంతకుముందు ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ పాఠాలున్నాయి. 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి చదువు కోసమే ప్రత్యేకంగా ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని పంపారు. వీటిలో పిల్లల చేతికి అందింది ఎక్కువగా పాఠమే. తన క్లాసు, తన టీచర్, తన పక్క బెంచీ అందలేదు. రికార్డు చేసిన పాఠం 'నీకు అర్థమైందా?' అని పేరు పెట్టి అడగదు.

టీచర్‌నే రోబోగా పంపిన ప్రయోగమూ ఉంది. 2010 డిసెంబర్‌లో దక్షిణ కొరియాలోని డేగు నగరంలో 29 ఎంగ్‌కీ రోబోలను ఇంగ్లిష్ చెప్పడానికి బడుల్లో పెట్టారు. వెనక నుంచి మాట్లాడింది ఫిలిప్పీన్స్‌లో ఉన్న టీచర్లు. సబ్జెక్ట్ టీచర్ లేని బడులకు ఈ ఆలోచన ఊరించేలా ఉంటుంది. కానీ దానికి రోబో అక్కర్లేదు, గోడకు పెద్ద స్క్రీన్ ఉంటే సరిపోతుంది. రోబో అవసరం నిజంగా ఉన్నది బడికి రాలేని పిల్లకే.

మరి కొలిమిగుండ్లలో?

ముందు నేల సంగతి. వరండా మెట్లు, గడపలు, ఎగుడుదిగుడు నాపరాళ్ల పరుపు.. చక్రాల రోబో ఇక్కడ పది అడుగులు వేయడం కష్టం. ఏవీ1 లాంటిది నయం. దానికి చక్రాలే లేవు, క్లాసు మారితే తోటి పిల్లలే ఎత్తుకెళ్లాలి. ఈ మోసుకెళ్లడం వల్ల స్నేహం తెగిపోకుండా ఉంటుంది కూడా.

రెండోది డేటా. సెకనుకు ఒక మెగాబిట్ వేగంతో వీడియో వస్తే గంటకు సుమారు 450 ఎంబీ ఖర్చవుతుంది. ఐదు గంటల బడికి 2 జీబీ దాటుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేసుకున్న ఇంట్లో లాస్ట్ బెల్ కంటే ముందే డేటా అయిపోతుంది. ఇక బడి వైపు చూడాల్సింది డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్ స్పీడ్. వీడియో పంపేది అక్కడి నుంచే కదా.

ఈ మండలంలోనే ఉన్న బెలుం గుహలకు క్లాసు మొత్తం టూర్ వెళ్తే? 3,229 మీటర్ల గుహలో కిలోమీటరున్నర దాకా సందర్శకులు తిరగొచ్చు. ఫ్రాన్స్‌లోని వారోన్ కోటలో మెట్లెక్కలేని వాళ్ల కోసం పై అంతస్తులో రోబోను తిప్పారు. బెలుంలో మాత్రం మీదున్న సున్నపురాయి సిగ్నల్‌ను మింగేస్తుంది. లోపలికి కేబుల్ లాగి వైఫై పెడితే తప్ప కుదరదు.

ధర అసలు చిక్కు. 2019లో వచ్చిన డబుల్ 3 రోబో రేటు దాదాపు 4 వేల డాలర్లు, అంటే మూడు లక్షల రూపాయలకు పైనే. ఏ హెడ్ మాస్టరూ ఆ బిల్లు పెట్టలేరు. బడికొకటి కాకుండా జిల్లాకు నాలుగైదు కొని, అవసరమైన పిల్ల ఉన్న బడికి పంపడమే అందుబాటులో ఉండే దారి. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే హక్కును విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ఇచ్చింది. మండలాల్లోని భవిత కేంద్రాలు చూసుకునేది ఇలాంటి పిల్లలనే. రోబోలు ఉంచాల్సిన చోటు కూడా అదే. అయితే రోబో ద్వారా పాఠం విన్న పిల్లకు హాజరు పట్టీలో ఏం వేయాలన్నది అధికారులు ముందే తేల్చాలి. కెమెరా ముందు కూర్చునే మిగతా పిల్లల తల్లిదండ్రుల అనుమతి కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి. 18 ఏళ్లలోపు వారి డేటాకు పెద్దల సమ్మతి తప్పనిసరి అని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది.

రోబో వచ్చేదాకా ఆగక్కర్లేదు. పాత స్మార్ట్‌ఫోన్, ఒక స్టాండు, చిన్న బ్లూటూత్ స్పీకర్, ఇంటి వైపు కెమెరా ఆపేసిన వీడియో కాల్.. సగం పని దీనితోనే అయిపోతుంది. ఫోన్‌ను టీచర్ టేబుల్ మీద కాకుండా ఆ అమ్మాయి రోజూ కూర్చునే బెంచీ మీదే పెట్టాలి. చార్జింగ్ పెట్టే బాధ్యత ఒకరికే అప్పగించాలి. ఇంటర్వెల్‌లో మాత్రం కాల్ కట్ చేయొద్దు. మంచం మీదున్న పిల్ల ఎదురుచూసేది ఎక్కువగా ఆ పది నిమిషాల కోసమే.