నాలుగు వందల ఏళ్ల అడవి

కొత్తగూడెం నుండి పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో ప్రయాణికునికి రెండు రకాల పచ్చదనం కనిపిస్తుంది. ఒకటి జామాయిలు తోటలది. గీత గీసినట్లు వరుసలు, ఒకే ఎత్తు, ఒకే వయస్సు. సారపాకలోని కాగితపు మిల్లు అవసరాలకై పెంచే ఈ చెట్లు నాలుగైదు సంవత్సరాలలో కోతకు వస్తాయి. రెండవది అడవిది. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, మోదుగ ఒకదానినొకటి ఒరుసుకొని పెరిగిన ఆ అడవికి వరుస లేదు; వయస్సు చెప్పడం కష్టం. తోటను చూచినవానికి అది ఎప్పుడు నాటినదో తెలుస్తుంది. అడవిని చూచినవానికి దాని వెనుక ఎంత కాలం గడచినదో ఒక పట్టాన తోచదు.

కాలం చేసే ఈ పనిని కథలో చూపిన ఒక కృతి 1995 మార్చిలో జపానులో వెలువడింది. అది నవల కాదు, చలనచిత్రమూ కాదు. టెలివిజనుకు తగిలించిన యంత్రంలో క్యాసెట్టు పెట్టి ఆడే ఆట. పేరు ‘క్రోనో ట్రిగ్గర్’. వెలువడి ముప్పై ఏళ్లు దాటినా, చిన్ననాట దానిని ఆడినవారు పెద్దవారై మళ్లీ ఆడుతూనే ఉన్నారు. చివరకు ఏమి జరుగుతుందో తెలిసిన ఆటను మళ్లీ ఎందుకు ఆడాలి అనే ప్రశ్న సహజమైనదే.

ఇటువంటి ఆటను పాత్రధారణ క్రీడ అంటారు. వీధినాటకంలో వేషం కట్టినవాడు ఆ రాత్రికి ఆ పాత్రయే అయినట్లు, ఇందులో ఆడేవాడు కథానాయకుడై ఊళ్లు తిరుగుతాడు, దారిలో కలిసినవారిని తోడు చేసుకుంటాడు, శత్రువులతో తలపడతాడు. చేతివేగం కంటె ఆలోచన ముఖ్యం. పోరాడినకొద్దీ పాత్రలకు అనుభవం పెరిగి బలం హెచ్చుతుంది. ఒక ఆట ముగియడానికి ఇరవై, ముప్పై గంటలు పట్టడం మామూలు. దీని మూలాలు అమెరికాలో ఉన్నాయి. 1974లో అక్కడ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట వచ్చింది. నలుగురు బల్ల చుట్టూ కూర్చొని పాచికలు వేస్తూ, మాటలతో కథ నడిపించుకొనేవారు. 1981లో ‘విజార్డ్రీ’, ‘అల్టిమా’ అనే ఆటలు ఆ పద్ధతిని కంప్యూటరుకు తెచ్చాయి. వాటిని ఇష్టపడిన యూజి హొరీ అనే జపాను రచయిత, పిల్లలకు కూడా సులభంగా అర్థమయ్యేటట్లు 1986లో ‘డ్రాగన్ క్వెస్ట్’ను రూపొందించాడు. మరుసటి సంవత్సరం హిరొనొబు సకగుచి ‘ఫైనల్ ఫాంటసీ’ని తెచ్చాడు. పోటీ సంస్థలలో పనిచేసిన ఈ ఇద్దరూ, బొమ్మల కథల చిత్రకారుడు అకిర తొరియామతో కలిసి చేసినదే క్రోనో ట్రిగ్గర్. సంగీతంలో అధికభాగం యసునోరి మిత్సుద అనే యువకుడు కూర్చాడు. తొరియామ 2024 మార్చి 1న మరణించినప్పుడు ప్రపంచమంతటా ఈ ఆటను మరల తలచుకున్నారు.

తెలిసిన కథ వద్దకు మళ్లీ వెళ్లడం గోదావరి తీరం వారికి కొత్త విషయం కాదు. భద్రాచలంలో ఏటా శ్రీరామనవమి నాడు జరిగే కల్యాణానికి కథ తెలియనివారెవరూ రారు. అక్కడికి దాదాపు 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలలో బంగారు లేడి ఘట్టాన్ని చూపే బొమ్మల ముందు నిలిచిన పిల్లవాడు లేడిని చూస్తాడు. అదే మనిషి కొన్నేళ్లకు తన పిల్లలతో వచ్చినప్పుడు వెనుక ఒంటరిగా మిగిలిన సీతను చూస్తాడు. బొమ్మలు మాత్రం అవే.

1990లలో ఖమ్మం వంటి పట్టణాలలో ‘టీవీ గేమ్’ పేరుతో దొరికినవి ఎక్కువగా చవక అనుకరణ యంత్రాలు. వాటిలో మారియో, కాంట్రా వంటి గెంతులాట, కాల్పులాటలే ఉండేవి. పుటలకొద్దీ సంభాషణలు గల కథాక్రీడలు ఇక్కడివారికి చాలా ఆలస్యంగా, కంప్యూటర్ల ద్వారా, సెల్‌ఫోన్ల ద్వారా పరిచయమయ్యాయి. క్రోనో ట్రిగ్గర్ 2011లో సెల్‌ఫోన్లకు, 2018లో కంప్యూటర్లకు వచ్చింది. ఈ కొత్త రూపాలు లేకపోతే పాత ఆటను మళ్లీ ఆడటం అంత సులభమైన పని కాదు. తొలినాటి క్యాసెట్టులో ఒక చిన్న బ్యాటరీ ఉండేది. ఆటగాడు ఎంతవరకు ఆడినదీ గుర్తుంచుకొనేది దాని శక్తితోనే. బ్యాటరీ అయిపోయిననాడు దాచుకున్న ఆట మొత్తం చెరిగిపోతుంది. బాల్యంలో వదిలిన చోటి నుండి కొనసాగిద్దామని ఏళ్ల తరువాత అటక దించినవారికి చాలాసార్లు దొరికేది ఖాళీ క్యాసెట్టే.

ఇక కథ. క్రీ.శ. 1000వ సంవత్సరంలో, ఒక ఊహాలోకపు రాజ్యంలో క్రోనో అనే కుర్రవాడు తిరునాళ్లకు వెళ్తాడు. అక్కడ ఒక అమ్మాయి అతనిని ఢీకొని పడిపోతుంది. ఆమె మెడలోని పతకం జారి దూరంగా పడుతుంది. ఆమె మారువేషంలో ఉన్న రాజకుమారి. క్రోనో స్నేహితురాలు లుక్కా తయారుచేసిన యంత్రం వికటించడంతో వారు కాలంలో వెనుకకు, ముందుకు ప్రయాణించవలసి వస్తుంది. 1999లో లావోస్ అనే జీవి భూగర్భం నుండి పైకి లేచి లోకాన్ని నాశనం చేయబోతున్నదని వారికి తెలుస్తుంది. దానిని ఆపడమే లక్ష్యం.

ఈ ఆట చేసినవారు రెండవసారి ఆడేవానిని ముందే ఊహించినట్లున్నారు. ఒకసారి ముగించినవాడు తాను సంపాదించిన బలంతోనే కథను మొదటి నుండి ప్రారంభించవచ్చు. ఎప్పుడు, ఎక్కడ లావోస్‌ను ఓడించినాడన్న దానిని బట్టి ముగింపు మారుతుంది. అంతకన్న ఆసక్తికరమైనది న్యాయస్థాన ఘట్టం. రాజకుమారిని అపహరించాడన్న నేరంపై క్రోనోను విచారిస్తారు. తిరునాళ్లలో అతడు పడిపోయిన అమ్మాయిని ముందు పలకరించాడా, పతకాన్ని ముందు తీసుకున్నాడా? బల్ల మీద ఉన్న ఒక ముసలాయన అన్నాన్ని అడగకుండా తిన్నాడా? పిల్లిని పోగొట్టుకున్న చిన్నపిల్లకు సాయం చేశాడా? ఆటగాడు అలవాటుగా చేసిన పనులన్నీ సాక్ష్యాలై ముందుకు వస్తాయి. మొదటిసారి ఆడేవాడు నిర్ఘాంతపోతాడు. మళ్లీ ఆడేవాడు తిరునాళ్లలో జాగ్రత్తగా నడుచుకుంటాడు. అయినా చెర తప్పదన్నది ఈ ఘట్టంలోని వ్యంగ్యం.

మేగస్ విషయం మరింత లోతైనది. మొదట అతడు యుద్ధం చేయవలసిన మాయావి. చాలాసేపటికి గాని తెలియదు, అతడు బాల్యంలో లావోస్ మూలంగా అక్కకు దూరమైన జానస్ అనే రాజకుమారుడని, లావోస్‌ను పిలిచింది చంపడానికేనని. ఈ సంగతి తెలిసినవాడు రెండవసారి మేగస్ కోటకు వెళ్లినప్పుడు కత్తి దూయక తప్పదు. ఆట వేరే దారి ఇవ్వదు. కాని ఆ పోరు మొదటి పోరు వంటిది కాదు.

అయితే ఏళ్ల తరువాత ఆడినవారికి ఎక్కువగా పట్టేది ఒక చిన్న ఉపకథ. ఆడకుండా వదిలివేసినా ప్రధాన కథకు లోటు రాదు. క్రీ.శ. 600లో ఫియోనా అనే స్త్రీ ఎడారిగా మారిన ఒక నేల అంచున నివసిస్తూ ఉంటుంది. అక్కడ అడవిని మళ్లీ పెంచాలని ఆమె కోరిక. నేల కింది రాక్షసులను క్రోనో బృందం సంహరిస్తుంది. సాధారణంగా ఇటువంటి ఆటలలో రాక్షసుడు చస్తే సమస్య తీరినట్లే. ఇక్కడ తీరదు. మొక్కలు నాటాలి, నీరు పెట్టాలి, అవి చెట్లు కావాలి; ఒక మనిషి జీవితకాలం అందుకు చాలదు. అప్పుడు బృందంలోని రోబో అనే యంత్రమానవుడు తాను అక్కడే ఉండి ఆ పని చేస్తానంటాడు. అతడు పుట్టినది 2300వ సంవత్సరపు పాడుబడిన లోకంలో. అక్కడి గిడ్డంగిలో తిండి కుళ్లిపోగా మిగిలినది ఒకే ఒక విత్తనం. చెట్టు విలువ తెలిసినవాడు రోబోయే కావడంలో ఔచిత్యం ఉన్నది.

మిగిలినవారు తమ వాహనంపై క్రీ.శ. 1000కి ఎగిరి వెళ్తారు. ఆటగానికి పట్టేది కొన్ని క్షణాలు. పటంలో ఇసుకరంగు ఉన్నచోట పచ్చని అడవి ఉంటుంది. నడుమ ఒక ఆలయం. అందులో తుప్పు పట్టి, కదలిక లేక, పూజలందుకొనే రోబో. లుక్కా మరమ్మతు చేసి అతనిని లేపుతుంది. పన్నెండేళ్ల పిల్లవానికి ఈ ఘట్టం తోడు తిరిగి దొరికిన సంతోషం. అతడు వెంటనే మరో పోరుకు బయలుదేరుతాడు. ముప్పై ఏళ్లవాడు ఆలయంలో కాసేపు ఆగుతాడు. ఉద్యోగానికని ఊరు విడిచి, మొక్కను వదిలి, చెట్టును చూడటానికి తిరిగి వచ్చినవానికి ఆ నడిమి కాలమంతా నీళ్లు పోసినవారెవరో గుర్తుకు వస్తారు. తనకు క్షణాలు, రోబోకు నాలుగు వందల ఏళ్లు. మళ్లీ 600వ సంవత్సరానికి వెళ్లి చూస్తే, రోబో ఒంటరిగా ఆ నేలపై అటూ ఇటూ తిరుగుతూ పనిచేస్తూ కనిపిస్తాడు. చాలామంది మొదటిసారి అటు వెళ్లి చూడరు.

ఖమ్మం జిల్లావారు ఈ ఘట్టాన్ని చూస్తే దరిపల్లి రామయ్యను తలచుకోక మానరు. రెడ్డిపల్లికి చెందిన ఆయన దశాబ్దాల తరబడి సైకిలుపై విత్తనాలు, మొక్కలు పెట్టుకొని తిరుగుతూ రోడ్ల పక్కన, కాలువ గట్లపై, ఖాళీ జాగా కనిపించిన ప్రతిచోటా నాటారు. చెట్లను కాపాడమని రాసిన పలకను మెడలో వేసుకొనేవారు. ఆయన నాటినవి కోటికి పైగా ఉంటాయని చెబుతారు. జనం ఆయనను వనజీవి రామయ్య అన్నారు; భార్య జానమ్మ ఆయన పనిలో తోడు నిలిచారు. 2017లో పద్మశ్రీ లభించింది. 2025 ఏప్రిల్ 12న ఆయన మరణించారు. ఎగిరి నాలుగు శతాబ్దాలు దాటే వాహనం ఆయన వద్ద లేదు, ఉన్నది సైకిలు. నాటిన ప్రతి చెట్టునూ ఆయన పూర్తి ఎత్తున చూచే అవకాశం లేదని ఆయనకూ తెలిసే ఉంటుంది.

ఆటలో ఆ అడవి కథ ఆలయంతో ముగియదు. ఆ రాత్రి మిత్రులందరూ చెట్ల నడుమ నెగడు వేసుకొని కూర్చుంటారు. నాలుగు వందల ఏళ్లు ఒంటరిగా ఆలోచించిన రోబో, గతాన్ని మళ్లీ చూడగోరేది తామేనా, లేక తమకు పైనున్న మరొకరెవరైనా తమ జ్ఞాపకాలను తిరగేసుకుంటున్నారా అని సందేహిస్తాడు. అందరూ నిద్రపోయాక లుక్కా ఒక్కతే లేచి వెళ్తుంది. ఆమెకు ఎదురైన కాలద్వారం బాల్యంలోని తన ఇంటికి దారితీస్తుంది. ఆనాడు తల్లి లారా దుస్తులు యంత్రంలో చిక్కుకొని కాళ్లు దెబ్బతిన్నాయి. యంత్రాన్ని ఆపే సంకేతం తల్లి పేరే. మొదటి యంత్రంలో ఆ పేరులోని నాలుగు ఆంగ్ల అక్షరాలకు సరిపడే మీటలను కొద్ది క్షణాలలో వరుసగా నొక్కాలి. చిన్ననాట ఆడినవారిలో పలువురికి అది తట్టలేదు. తల్లి కాళ్లు పోయాయి. ఆట ఏమీ అనకుండా ముందుకు సాగింది. మళ్లీ ఆడేవారు ఆ గదిలో అడుగుపెట్టకముందే వేళ్లను మీటలపై సిద్ధంగా ఉంచుకుంటారు.